మర్సష్లోక్ వెళ్తున్నారా? మాల్టాలోని ఈ జాలరి ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్టాలో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో హైదరాబాద్ నుంచి, లండన్ నుంచి, జర్మనీ నుంచి మనవాళ్ళు ఎంతోమంది వచ్చి వెళ్ళారు. అందరూ రాజధాని వలెట్టా, పక్కనున్న గోజో దీవి చూస్తారు. మర్సష్లోక్ మాత్రం ఆదివారం పొద్దున రెండు గంటలు తిరిగి, పడవల ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. నాకు ఆ ఊరంటే ప్రాణం. అందుకే వాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను.

ముందు ఆ పేరు ఎలా పలకాలి?

మర్స-ష్లోక్. మాల్టా భాషలో ఇంగ్లిష్ ఎక్స్ అక్షరాన్ని 'ష' అని పలుకుతారు. బోర్డు చూసి 'మర్సాక్స్‌లోక్' అన్నారంటే బస్ డ్రైవర్‌కి అర్థమవుతుంది గానీ చిన్నగా నవ్వుతాడు. 'మర్స' అంటే రేవు. 'ష్లోక్' అంటే ఆగ్నేయ దిక్కు, ఆ దిక్కు నుంచి వీచే గాలికి కూడా అదే పేరు. తెలుగులో చెప్పాలంటే ఆగ్నేయపు రేవు. మాల్టా దీవికి సరిగ్గా ఆగ్నేయ మూలలోనే ఉంటుంది ఊరు.

ఆ గాలి గురించి కూడా తెలుసుకుని వెళ్ళాలి. అది సహారా ఎడారి వైపు నుంచి పుట్టి, సముద్రం మీదుగా వస్తూ తేమ పట్టుకొస్తుంది. ష్లోక్ వీచే రోజున ఒళ్ళంతా జిడ్డుగా ఉంటుంది, ఆరేసిన బట్టలు ఆరవు, కార్ల మీద ఎర్రటి దుమ్ము పేరుకుంటుంది. విశాఖలోనో కాకినాడలోనో పెరిగినవాళ్ళకి ఆ ఉక్క కొత్తేమీ కాదు.

అసలు ఆ ఊరు ఎంత ఉంటుంది? అక్కడ ఏముంది?

చిన్న ఊరు. జనం నాలుగు వేల లోపే. వంపు తిరిగిన రేవు, దాని ఒడ్డునే రోడ్డు, రోడ్డుకి అటు పక్క పసుపురంగు సున్నపురాయి ఇళ్ళు, మధ్యలో చర్చి. ఈ చివరి నుంచి ఆ చివరికి నింపాదిగా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు. వలెట్టా నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో, విమానాశ్రయం అంతకన్నా దగ్గర.

ఇంత చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు 2006-07లో దేశంలోని పెద్ద జట్లన్నిటినీ దాటి మాల్టా ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తి చూడండి, పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతారు.

ఇండియా నుంచి వెళ్ళడానికి వీసా, ప్రయాణం ఎలా?

మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి, 2007 డిసెంబర్ 21 నుంచి. కాబట్టి షెంగెన్ వీసా కావాలి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ముప్ఫై వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఫ్రాన్స్, ఇటలీ తిరుగుతూ మధ్యలో మాల్టా వెళ్ళేవాళ్ళు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి. ఎండాకాలం సెలవులకైతే మూడు నెలల ముందే మొదలుపెట్టండి. అపాయింట్‌మెంట్ దొరకక ఆఖరి నిమిషంలో పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, ఇస్తాంబుల్ మీదుగానో, ఏదైనా యూరప్ నగరంలో మారో వెళ్ళాలి. లండన్ మీదుగా టికెట్ చౌకగా కనబడితే కొనేముందు ట్రాన్సిట్ వీసా సంగతి చూసుకోండి, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి చాలా సందర్భాల్లో అది అవసరం.

అక్కడ డబ్బు యూరోలే. ప్లగ్గులు ఇంగ్లండ్ తరహా మూడు పిన్నులవి. ఇంగ్లిష్ అధికార భాష, అందరూ మాట్లాడతారు. టైము మనకన్నా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక.

ఊళ్ళోకి ఎలా చేరాలి? కారు అద్దెకు తీసుకోవాలా?

బస్సు చాలు. వలెట్టా కోట గుమ్మం బయట, ట్రైటన్ ఫౌంటెన్ చుట్టూ ఉన్న బస్టాండ్ నుంచి 81, 85 నంబర్ల బస్సులు వెళ్తాయి. విమానాశ్రయం నుంచి 119 ఉంది. నంబర్లు, వేళలు అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి వెళ్ళే రోజున యాప్‌లో ఒకసారి చూసుకోండి. టికెట్ రెండు, రెండున్నర యూరోలు. అదే టికెట్ మీద రెండు గంటల్లోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు.

ఆదివారం పదిన్నర తర్వాత ఊళ్ళోకి కారు తీసుకెళ్ళడం అనవసరమైన తిప్పలు. పార్కింగ్ దొరకదు. బస్సు కూడా కిక్కిరిసి ఉంటుంది, నిండిపోతే డ్రైవర్ మధ్య స్టాపుల్లో ఆపకుండా వెళ్ళిపోతాడు. అందుకే తొమ్మిది లోపు, బస్టాండ్‌లోనే ఎక్కేయండి.

కారే కావాలనుకుంటే, అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుపుతారు. ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్ళండి. సందులు మాత్రం బాగా ఇరుకు.

ఆదివారం చేపల సంత నిజంగా చూడదగ్గదేనా?

చూడదగ్గదే, పొద్దున్నే వెళ్తే. సంత మధ్యాహ్నం దాకా ఉంటుంది గానీ చేపల దగ్గర అసలు సందడి తొమ్మిది, పది గంటల లోపే. పదకొండు దాటాక మంచి చేపలు అయిపోయి బల్లలు కడుగుతుంటారు. అప్పటికి మిగిలేవి టీషర్టులు, ఫ్రిజ్ మాగ్నెట్లు, బ్యాగులు, బట్టల కొట్లు. సంతలో సగానికి పైగా ఇప్పుడు అవే ఉన్నాయి. మొదటిసారి నేను పన్నెండింటికి వెళ్ళి, ఇదేనా ఇంత గొప్పగా చెప్పిన చేపల సంత అని నీరుగారిపోయాను. రెండోసారి ఎనిమిదింటికి వెళ్ళాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మిగతా రోజుల్లో పట్టిన చేపలు ఎక్కువగా టోకు మార్కెట్‌కి వెళ్ళిపోతాయి. ఆదివారం మాత్రం జాలర్లు తమ రేవు ఒడ్డునే బల్లలు వేసి జనానికి నేరుగా అమ్ముకుంటారు. కత్తిచేప ముక్కని చెట్టు మొద్దులా నిలబెట్టి ఉంచుతారు. ఆక్టోపస్‌లు, రొయ్యలు, ఎర్రటి రాతిచేపలు ఉంటాయి. అక్కడి గృహిణులు కూడా మన ఆడవాళ్ళలాగే చేప మొప్ప ఎత్తి ఎరుపు చూసి, కన్ను తేటగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ధర అడుగుతారు. వండుకునే వీలున్న గదిలో దిగితే మీరూ కొనుక్కోండి. శుభ్రం చేసి ముక్కలు కొట్టిస్తారా అని అడగండి, చాలామంది చేసిస్తారు.

ఆ పడవల మీద కళ్ళెందుకు ఉంటాయి?

అందరికన్నా ముందు పిల్లలు అడిగేది ఇదే. ఆ పడవల పేరు లుత్సు. అదే తరహాలో కాస్త చిన్నవాటిని కయ్యిక్ అంటారు. లుత్సుకి ముందు కొస, వెనక కొస రెండూ సూదిగానే ఉంటాయి. నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు ఒకదాని కింద ఒకటి. ముక్కు దగ్గర రెండు వైపులా చెక్కతో చెక్కి, రంగులు వేసి బిగించిన ఒక జత కళ్ళు, పైన కనుబొమలతో సహా.

ఈ కళ్ళ ఆచారం ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్ల కాలం నుంచి వస్తోందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఈజిప్టు దేవతల కన్ను అని కొందరు ఒసైరిస్ పేరు చెబుతారు, కొందరు హోరస్ అంటారు. జాలరిని అడిగితే మాత్రం ఒకటే మాట: సముద్రంలో చెడు తగలకుండా పడవే చూసుకుంటుంది. దిష్టి అంటే ఏమిటో తెలిసిన మనకి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టే చెయ్యి, పడవకి కన్ను చెక్కే చెయ్యి ఒకే భయంతో, ఒకే ఆశతో పనిచేస్తాయి. పడవ ముక్కు మీద మేరీమాత బొమ్మో సాధువు పేరో కూడా ఉంటుంది. రెండు నమ్మకాలూ పక్కపక్కనే హాయిగా ఉన్నాయి.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది. కళ్ళ చుట్టూ ముక్కు పైభాగాన విల్లులాంటి ఒక పట్టీ ఉంటుంది. దాన్ని ముస్తాచ్ అంటారు, అంటే మీసం. పూర్వం ఆ మీసం రంగును బట్టే పడవ ఏ ఊరిదో చెప్పేవారట. ఇంట్లో ఎవరైనా పోతే ఆ మీసానికి నల్లరంగు వేసేవారు. రేవులో నడుస్తూ ఒక్కో పడవ మీసం చూసుకుంటూ వెళ్ళండి, పడవల మధ్య తేడాలు అప్పుడు కనబడతాయి.

తెరచాపలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడన్నీ ఇంజన్లే. చెక్క పడవకి ఏటేటా గీకి, కీళ్ళు పూడ్చి, రంగు వేయాలి. ఫైబర్ పడవకి ఆ చాకిరీ లేదు. అందుకని చెక్క లుత్సులు తగ్గిపోతున్నాయి. కొన్ని టూరిస్టులను తిప్పడానికే మిగిలాయి. రంగు డబ్బా పక్కన పెట్టుకుని ఎవరైనా పనిచేసుకుంటూ కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి. ఫొటో తీసేముందు మాత్రం ఒక్కమాట అడగండి. ఆ పడవ వాళ్ళ వాకిలి లాంటిది.

ఏం తినాలి? ధరలు ఎలా ఉంటాయి?

ఆగస్టు మధ్య నుంచి డిసెంబర్ లోపు వెళ్తే కళ్ళు మూసుకుని లంపూకి అడగండి. బయట మాహి-మాహి అని పిలిచే చేప ఇదే. దీన్ని పట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం. తాటిజాతి చెట్ల మట్టలను తేలే బెండుకి కట్టి, కదలకుండా కింద బరువు వేసి, నడి సముద్రంలో వరుసగా వదులుతారు. వీటిని కన్నిత్సాటి అంటారు. ఎండకి ఆ మట్టల నీడన చేపలు చేరతాయి. జాలర్లు వచ్చి చుట్టూ వల తిప్పుతారు. అందుకే లంపూకి కాలానికి ముందు ఒడ్డున మట్టల మోపులు పేర్చి కనిపిస్తాయి.

లంపూకిని వేయించి టమాటా, కేపర్ల (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు) కూరతో ఇస్తారు. పాలకూర, ఆలివ్‌లు కలిపి పై లాగా కూడా చేస్తారు. అల్యొత్త అనే చేపల చారు తప్పకుండా తాగండి: వెల్లుల్లి, టమాటా, మరువం లాంటి ఆకు, గుప్పెడు అన్నం మెతుకులు. కారం ఉండదు గానీ జలుబు చేసినప్పుడు అమ్మ పెట్టే చారులా ఒంటికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు ధర సంగతి. రేవు ఒడ్డు హోటళ్ళలో మనిషికి ఇరవై ఐదు, ముప్ఫై యూరోలు అనుకోండి. కానీ మొత్తం చేపని పళ్ళెంలో తెచ్చి చూపించి 'ఇది వండమంటారా' అని అడిగితే వెంటనే తల ఊపకండి. ఆ చేపకి ధర కిలోల లెక్కన ఉంటుంది. మా అత్తామామలు వచ్చినప్పుడు నేను బరువు అడగకుండా సరే అన్నాను. నలుగురికి అనుకున్న బిల్లుకి రెట్టింపు అయింది. వాళ్ళ ముందు ఏమీ అనలేక కట్టేశాను. హోటల్‌వాళ్ళు మోసం చేశారని అనను, మెనూలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది. మీరు మాత్రం తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో చెప్పించుకున్నాకే వండమనండి. ఈ పూట పట్టిన చేపా, పెంపకం చేపా అని కూడా అడగండి. సీ బాస్, సీ బ్రీమ్ చాలావరకు పెంపకానివే. నిజం చెప్పడానికి వాళ్ళు మొహమాటపడరు.

మేము శాకాహారులం. ఆకలితో ఉండాల్సిందేనా?

అక్కర్లేదు, కానీ కొంచెం జాగ్రత్త. మాల్టాలో వీధి చివర కొట్లో దొరికే చిరుతిండి పస్తిత్సి. పొరలు పొరలుగా కరకరలాడే పిండిలో రికోట్టా జున్ను గానీ మెత్తగా ఉడికించిన బఠాణీ గానీ పెడతారు. వేడివేడిగా తింటే మన కర్రీపఫ్ గుర్తొస్తుంది, ఇది ఇంకా తేలిక. అయితే ఆ పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు వాడతారు. ఇప్పుడు చాలాచోట్ల మార్జరిన్ వాడుతున్నారు, అన్నిచోట్లా కాదు. లోపల బఠాణీయే కదా అని తినేముందు, పిండిలో ఏం వేశారో అడగండి. నియమంగా ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

బిగిల్ల అనేది ఎండు బాకలా గింజలను ఉడికించి, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరిన ముద్ద. రొట్టెకి రాసుకుని తింటే పప్పు తిన్నంత తృప్తి. ఫ్తీర అనే గుండ్రటి రొట్టె తయారీని 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. టమాటా గుజ్జు రుద్ది, ఆలివ్ నూనె, కేపర్లు, ఉల్లిపాయలు పెట్టిస్తారు. అందులో ట్యూనా చేప పెట్టడం మామూలు కాబట్టి 'ట్యూనా వద్దు' అని ముందే చెప్పాలి. తోడుగా కిన్నీ తాగి చూడండి. చేదు నారింజతో చేసే కూల్ డ్రింక్. మొదటి గుక్కకి మొహం చిట్లిస్తారు, మూడో రోజుకి మీరే అడుగుతారు.

ఊరి దగ్గర ఈత కొట్టొచ్చా? సెయింట్ పీటర్స్ పూల్ ఎంత దూరం?

రేవులో కాదు, అది పడవల చోటు. సెయింట్ పీటర్స్ పూల్ డెలిమారా కొండకొమ్ము మీద ఉంది, ఊరి నుంచి నడిస్తే అరగంట నుంచి ముప్పావుగంట. సముద్రం సున్నపురాయిని తొలిచి చేసిన సహజమైన కొలను. చుట్టూ బల్లపరుపు రాయి, అడుగున పచ్చలాంటి నీళ్ళు. కుర్రాళ్ళు పైనుంచి దూకుతుంటారు. ఎండాకాలంలో రేవు నుంచి చిన్న పడవల్లో కూడా తీసుకెళ్తారు, నడవలేనివాళ్ళకి అదే మేలు.

అక్కడ నీడ లేదు. మరుగుదొడ్డి లేదు. కాపలా ఈతగాళ్ళు లేరు. ఒక జూలై మధ్యాహ్నం ఒక్క నీళ్ళ సీసాతో బయల్దేరి, వెనక్కి వచ్చే దారిలో కళ్ళు తిరిగి ఒక పొలం గోడ నీడన కూలబడ్డాను. ఆ ముళ్ళజెముడు పొదల పక్కన గడిపిన ఇరవై నిమిషాలు ఇప్పటికీ గుర్తే. మనిషికి రెండు లీటర్లు, టోపీ, పట్టున్న చెప్పులు లేకుండా వెళ్ళకండి. ఈత బాగా రానివాళ్ళు గాలి ఉన్న రోజు దిగకండి. రాతి అంచులు మెత్తగా, విరిగేలా ఉంటాయి, కొసన నిలబడి సెల్ఫీలు వద్దు. నీళ్ళలో ఊదారంగు జెల్లీఫిష్‌లు కొన్ని రోజులు గుంపులుగా వస్తాయి, కుడితే మంట. దిగేముందు అక్కడున్నవాళ్ళని అడగండి.

చిన్నపిల్లలతో ఇసుక కావాలంటే పక్క ఊరు బిర్జెబ్బూజాలో ప్రెటీ బే ఉంది. ఎదురుగా కంటైనర్ ఓడరేవు క్రేన్లు కనబడుతుంటాయి, పిల్లలకి అవీ వేడుకే.

ఫొటోల్లో లేని పెద్ద ఓడ, పవర్ ప్లాంట్ కనబడ్డాయని ఎవరో రాశారు. నిజమా?

నిజమే. రేవుకి ఆవలి ఒడ్డున డెలిమారా విద్యుత్ కేంద్రం ఉంది, దానికి గ్యాస్ నిల్వ చేసే పెద్ద ట్యాంకర్ ఓడ అక్కడే కట్టేసి ఉంటుంది. ఇంకో పక్క కంటైనర్ ఓడరేవు. ఫొటోలు తీసేవాళ్ళు వాటిని తప్పించి తీస్తారు. నాకు మాత్రం ఇది దాచాల్సిన సంగతి అనిపించదు. దీవి మొత్తం విస్తీర్ణమే 250 చదరపు కిలోమీటర్లలోపు. దేశానికి కావలసిన కరెంటు, సరుకు ఎక్కడో ఒకచోట దిగాలి. లోతైన రేవు ఉన్న పాపానికి ఆ భారం ఈ జాలర్ల మీద పడింది. ఊరు చూసేటప్పుడు అది కూడా చూడండి.

అక్కడ చరిత్ర ఏమైనా ఉందా, లేక పడవలు, చేపలేనా?

రేవు మంచిదైతే చరిత్ర దానంతటదే వస్తుంది. 1565 మేలో మాల్టాను ముట్టడించడానికి వచ్చిన ఒట్టోమాన్ నౌకలు లంగరు వేసింది ఈ అఖాతంలోనే. ఆ ముట్టడి సెప్టెంబర్ దాకా సాగి విఫలమైంది. మళ్ళీ అలా జరగకూడదని 1610-11లో అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ నైట్ల అధిపతి, గ్రాండ్ మాస్టర్ అలోఫ్ ద విన్యకూర్ హయాంలో సెయింట్ లూసియన్ బురుజు కట్టారు. ఇప్పుడు అందులో చేపల పెంపకం పరిశోధన కేంద్రం నడుస్తోంది.

అంతకన్నా పాతది తస్-సిల్జ్ గుట్ట. అక్కడ వేల ఏళ్ళనాటి రాతి గుడి ఉండేది. దాని మీదే ఫినీషియన్లు అస్తార్తె దేవతకి గుడి కట్టుకున్నారు. రోమన్లు వచ్చి ఆమెనే జూనో అన్నారు. ఆ తర్వాత క్రైస్తవులు అక్కడే చర్చి కట్టారు. దేవత పేరు మారింది, దండం పెట్టే చోటు మారలేదు. జూనో గుడి సంపదను వెర్రెస్ అనే రోమన్ గవర్నర్ దోచుకున్నాడని రోమన్ వక్త సిసెరో తన వాదనలో ఆరోపించాడు, ఆ గుడి ఇదేనంటారు పురావస్తువాళ్ళు. ఈ చోటు రోజూ తెరిచి ఉండదు, ముందుగా కనుక్కుని వెళ్ళండి.

ఇక మన కాలానికి వస్తే, బెర్లిన్ గోడ కూలిన కొన్ని వారాలకే, 1989 డిసెంబర్ 2, 3 తేదీల్లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ (సీనియర్), సోవియట్ నేత గోర్బచేవ్ కలుసుకున్నది ఈ అఖాతంలోనే. యుద్ధనౌకల్లో కలవాలనుకున్నారు. తుఫాను రేగి అలలు ఎగసిపడటంతో ఒడ్డుకు కట్టిన సోవియట్ ప్రయాణికుల ఓడ మాక్సిమ్ గోర్కీలో కూర్చున్నారు. బుష్ తన ఓడ దిగి రాలేకపోవడంతో ఒక విందు కూడా రద్దయింది. ప్రచ్ఛన్న యుద్ధానికి తెరదించిన సమావేశంగా చెప్పుకునేది ఇదే. అంత పెద్దవాళ్ళని కూడా ఆ సముద్రం ఓడలోనే కూర్చోబెట్టింది.

మాల్టా భాషలో రెండు ముక్కలు నేర్పిస్తారా?

బొన్జు అంటే శుభోదయం. గ్రాత్సి అంటే థాంక్స్. కెమ్ అంటే ఎంత. ఈ మూడూ చాలు, సంతలో మొహాలు విప్పారతాయి. ఈ భాష అరబిక్ కుటుంబానిది, రాసేది మాత్రం లాటిన్ లిపిలో. ఇటాలియన్ మాటలు బోలెడు కలిశాయి. హైదరాబాద్‌లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ళకి ఒక సరదా ఉంది: పుస్తకాన్ని క్తీబ్ అంటారు, అదే మన కితాబ్. లోకాన్ని దిన్యా అంటారు, అదే దునియా. బస్సులో కూర్చుని ఇలాంటి మాటలు ఏరుకుంటుంటే ప్రయాణం తెలియదు.

ఏ నెలలు మంచివి? పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం, మళ్ళీ సెప్టెంబర్ చివర, అక్టోబర్. అక్టోబర్‌లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, లంపూకి దొరుకుతుంది, జనం పలచబడతారు. నన్నడిగితే అదే. జూలై, ఆగస్టు ఎండ మనకి కొత్త కాదు గానీ హోటల్ ధరలు, రద్దీ భరించలేం. చలికాలంలో మంచు పడదు. వాన, గాలి ఉంటాయి, ఇళ్ళలో చలి బయటకన్నా ఎక్కువ అనిపిస్తుంది.

రేవు ఒడ్డంతా చదును. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు కూడా బెంచీ దగ్గర బెంచీ దగ్గర ఆగుతూ మొత్తం తిరిగారు. సెయింట్ పీటర్స్ పూల్‌కి మాత్రం వాళ్ళని తీసుకెళ్ళకండి.

రాత్రి అక్కడే ఉండటం అవసరమా? వలెట్టా నుంచి వచ్చి వెళ్ళిపోతే చాలదా?

ఒక్క రాత్రి ఉండమని నేను అందరినీ బతిమాలతాను. పెద్ద హోటళ్ళు లేవు, చిన్న గెస్ట్ హౌసులు, అద్దె గదులు ఉన్నాయి. టూరిస్ట్ బస్సులు నాలుగింటికల్లా వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఊరు ఊరివాళ్ళకి తిరిగొస్తుంది. ముసలాళ్ళు కుర్చీలు ఇంటి ముందు వేసుకుంటారు. పిల్లలు చర్చి ముందు బంతి ఆడతారు. పిల్లులు వలల కుప్పల మీద పడుకుంటాయి. పడవల రంగులు అసలు విప్పారేది ఆ సాయంత్రపు వెలుగులోనే.

మాకు ఒక్కరోజే ఉంది, అది కూడా మంగళవారం. సంత ఉండదు కదా, అయినా వెళ్ళాలా?

వెళ్ళండి. నేను ఎక్కువసార్లు వెళ్ళింది మామూలు రోజుల్లోనే. టూరిస్టుల కోసం కొన్ని కొట్లు రోజూ ఉంటాయి, వాటిని దాటి రేవు చివరికి నడవండి. అక్కడ జాలర్లు పని చేసుకుంటుంటారు.

ఒక నవంబర్ ఉదయం ఒక పెద్దాయన గాలాల తాడు సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. ముందు ఒక గుండ్రటి బుట్ట, దాని అంచు చుట్టూ బెండు. తాడుని చుట్టలు చుట్టలుగా బుట్టలోకి వదులుతూ, ప్రతి గాలాన్నీ తీసి అంచు బెండుకి గుచ్చుతున్నాడు, ఒకదాని పక్కన ఒకటి, వరుస తప్పకుండా. ఒక్క గాలం వరుస తప్పినా రాత్రి చీకట్లో తాడు వదిలేటప్పుడు చెయ్యి చీరుకుపోతుందని తన బొటనవేలి మీద మచ్చ చూపించాడు. ఎన్ని గాలాలున్నాయని అడిగితే లెక్క చెప్పలేదు, బుట్ట నిండేదాకా అన్నాడు. నేను లేచేసరికి సగం అంచే నిండింది. ఆయన వెనకాల, నీళ్ళలో కదులుతున్న లుత్సు కళ్ళు రెండూ సముద్రం వైపే ఉన్నాయి.